ఊరికి డూప్!

మా నాన్న జన్మలో ఒకే ఒక్కసారి షూటింగ్ చూశాడు. అదీ నేను పనిచేసిన సెట్టు మీద. 1976లో, అప్పటి మద్రాసు కోడంబాకంలో ఓ స్టూడియో. నేనప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మూడో అసిస్టెంటుని. అంటే రంగు డబ్బాలు మోసేవాడికి కాస్త పైన, టీ తెచ్చే కుర్రాడికి కాస్త కింద!

ఆ రోజు ఫ్లోర్‌లో రాజదర్బారు సెట్టు. రెండు వరసల స్తంభాలు, సింహాసనం, మెట్లు, మెట్లకి అటూ ఇటూ ఏనుగులు. నెలరోజులు చెమటోడ్చి కట్టాం. హీరోగారు కిరీటం పెట్టుకుని నడిచొస్తుంటే లైట్‌బాయ్‌లతో సహా అందరూ ఆయన్నే చూస్తున్నారు. మా నాన్న మాత్రం హీరో వంక కూడా చూడలేదు. తిన్నగా ఓ స్తంభం దగ్గరికెళ్ళి వేలి కణుపుతో టకటకా కొట్టాడు.

డొల్ల చప్పుడు వచ్చింది.

"ఏటిరా ఇది?"

"ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నాన్నా. లోపల వెదురు, గోనెపట్ట."

"షూటింగైపోయాక ఏటి చేస్తారు?"

"పడగొట్టేస్తారు."

మా నాన్న వడ్రంగి. వైజాగ్ పోర్టులో నలభై ఏళ్ళు పనిచేసినవాడు. టేకు తప్ప మరోటి కలప కాదనే మనిషి. ఆ పూటంతా ఇక మాట్లాడలేదు. సాయంత్రం సెంట్రల్ స్టేషన్లో రైలెక్కి, కిటికీలోంచి ఒక్క ముక్క అన్నాడు: "నానెత్తిన గుమ్మంలోంచి మూడు తరాలు నడుస్తాయి. నువ్వెత్తిన గుమ్మంలోంచి ఆ కిరీటమోడొక్కడే నడిచాడు. అదీ ఓ పూట."

రైలు కదిలిపోయింది. ఆ మాట మాత్రం నాతోనే వుండిపోయింది. తర్వాత ఎన్ని సెట్లు కట్టానో! కోటలు కట్టాను, గుళ్ళు కట్టాను, ఓ సినిమాకి ఏకంగా రైల్వే స్టేషన్ కట్టాను. ప్యాకప్ చెప్పగానే సుత్తులు పట్టుకుని కుర్రాళ్ళు దిగేవాళ్ళు. ప్రతిసారీ మా నాన్న వేలి చప్పుడు చెవిలో వినిపించేది. డొల్ల... డొల్ల... అని.

దానికి జవాబు నాకు దొరికింది రెండేళ్ళ కిందట. ఎక్కడో తెలుసా? మన దేశంలో కాదు, ఇంగ్లండులో ఓ బోడికొండ మీద!

మా అమ్మాయి బ్రిస్టల్ నగరంలో వుంటోంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓ ఆదివారం "కొండెక్కుదాం నాన్నా" అని లాక్కెళ్ళింది. బ్రిస్టల్‌కి ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో మెండిప్ కొండలున్నాయి. అందులో అన్నిటికన్నా ఎత్తయినది బ్లాక్ డౌన్. పేరుకి కొండేగాని, పైకెక్కితే చదునైన మైదానం. గడ్డి, పొదలు, చలిగాలి. చెట్టన్నది లేదు.

ఆ గడ్డిలో చిన్న చిన్న మట్టి దిబ్బలు కనిపించాయి. మోకాలెత్తున కొన్ని, నడుమెత్తున కొన్ని. ముందు పట్టించుకోలేదు. తర్వాత ఆగిపోయాను. అవి వరసలో వున్నాయి! తాడు పట్టి గీసినట్టు తిన్నగా, వరస తర్వాత వరస.

"అమ్మడూ, ప్రకృతి స్కేలు పెట్టి గియ్యదే! ఇది మనుషులు చేసిన పని" అన్నాను.

మా అమ్మాయి ఫోన్ తీసి ఏదో వెతికింది. కాసేపు చదివింది. తర్వాత నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది.

"నాన్నా, ఇది మీ వాళ్ళ పనే!"

"మా వాళ్ళెవరే ఇక్కడ?"

"సినిమా వాళ్ళు!"

ఇక కథలోకి వద్దాం.

డూప్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. హీరో పదో అంతస్తు నుంచి దూకుతాడు. దూకేది హీరో కాదు. హీరో చొక్కా వేసుకుని, హీరోలా జుట్టు దువ్వుకుని, మొహం కెమెరాకి చూపించకుండా ఇంకెవడో దూకుతాడు. చెయ్యి విరిగితే వాడికి విరుగుతుంది. ఈల పడితే హీరోకి పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళు మనుషులకి కాదు, ఏకంగా ఊళ్ళకే డూప్‌లు పెట్టారు!

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. జర్మన్ విమానాలు ఎప్పుడో అప్పుడు బాంబులతో వస్తాయని అందరికీ తెలుసు. అన్నిటికన్నా ముందు విమానాశ్రయాలనే కొడతారని కూడా తెలుసు. అందుకని విమాన మంత్రిత్వ శాఖ కల్నల్ జాన్ టర్నర్ అనే పెద్దమనిషికి ఓ పని అప్పగించింది. ఆయన ఇంజనీరు. విమానాశ్రయాలు కట్టించడంలో తలపండినవాడు. ఆయనకిచ్చిన కొత్త పని, దొంగ విమానాశ్రయాలు కట్టించడం! సంగతి బయటికి పొక్కకూడదు గనక ఆ డిపార్ట్‌మెంటుకి అసలు పేరే పెట్టలేదు. "కల్నల్ టర్నర్ గారి డిపార్ట్‌మెంట్" అనేవాళ్ళు, అంతే.

దొంగ విమానాశ్రయానికి దొంగ విమానాలు కావాలి కదా. ముందు నిజం విమానాలు చేసే కంపెనీలనే అడిగారు. వాళ్ళు చెప్పిన ధర వింటే కళ్ళు తిరిగాయి. అప్పుడు ఎవరు గుర్తొచ్చారో వూహించండి. సినిమా స్టూడియోల వాళ్ళు! లండన్ దగ్గర షెప్పర్టన్‌లో "సౌండ్ సిటీ" అని ఓ స్టూడియో వుంది. నార్మన్ లౌడన్ అనే ఆయన 1932లో మొదలుపెట్టాడు. యుద్ధం వచ్చేసరికి షూటింగులు మందగించాయి. వడ్రంగులూ, పెయింటర్లూ, మౌల్డర్లూ, ఎలక్ట్రీషియన్లూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. టర్నర్ గారు ఆ స్టూడియోలోనే మకాం పెట్టేశాడు.

ఇహ చూస్కోండి! కర్రా, కాన్వాసుతో హరికేన్లు తయారయ్యాయి. వెల్లింగ్టన్లు తయారయ్యాయి. రెక్కలున్నాయి, తోకలున్నాయి, రంగులున్నాయి. ఎగరడం ఒక్కటే రాదు! వాటిని పొలాల్లో నిలబెట్టి, నిజం స్థావరాల్లాగా ముస్తాబు చేశారు. ఆ పగటి స్థావరాలకి 'కె' సైట్లని పేరు. అక్కడ కాపలా వుండే సిపాయిలకి రోజూ ఓ డ్యూటీ. విమానాల్ని తోసుకుంటూ అటువి ఇటు, ఇటువి అటు మార్చాలి. ఎందుకంటే శత్రువు పైనుంచి ఫొటోలు తీసుకుపోతాడు. నిన్నటి ఫొటోలోనూ ఇవాళ్టి ఫొటోలోనూ విమానం అంగుళం కదలకపోతే గుట్టు రట్టయిపోతుంది.

మా పరిభాషలో దీన్ని 'కంటిన్యూటీ' అంటాం. సినిమాలో మారకుండా చూసుకోవాలి. అక్కడ మారేలా చూసుకోవాలి!

రాత్రి స్థావరాలు ఇంకా తమాషా. వాటికి 'క్యూ' సైట్లని పేరు. అక్కడ విమానాల్లేవు, షెడ్లు లేవు. వట్టి పొలంలో రన్‌వేలా రెండు వరసల దీపాలు. అంతే! ఎప్పుడైనా విమానం నేలమీద కదులుతున్నట్టు కనిపించాలంటే ఓ హెడ్‌లైటుని నెమ్మదిగా తిప్పుతారు. దీన్నంతా నడిపేది ఇద్దరు మనుషులు. శత్రు విమానం చప్పుడు దగ్గరయ్యేసరికి దీపాలు అలాగే వుంచి, ఆ ఇద్దరూ పరుగెత్తి గోతిలాంటి గదిలో దూరాలి. ఒక్కోసారి దారి తప్పిన సొంత పైలట్లే నిజం రన్‌వే అనుకుని దిగబోయేవారు. వాళ్ళకోసం వేరే ఎర్రదీపాలు పెట్టాల్సొచ్చింది. చూశారా, నటన మరీ బాగుంటే అదో చిక్కు!

మన 'మాయాబజార్'లో ద్వారక గుర్తుందా? 1957లో మార్కస్ బార్ట్లే గారి పర్యవేక్షణలో యాభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు జాగాలో దాదాపు 300 బొమ్మ ఇళ్ళు పెట్టి, లోపల కరెంటు దీపాలు వెలిగించి ఓ నగరాన్ని సృష్టించారు. మనం చూసి ఔరా అనుకున్నాం. మనల్ని నమ్మించడానికి ఆ దీపాలు. ఇంగ్లండు పొలాల్లో దీపాలు పైన కూర్చుని బాంబు మీట మీద చెయ్యేసినవాణ్ణి నమ్మించడానికి. మనం నమ్మకపోతే సినిమా ఫ్లాప్. వాడు నమ్మకపోతే ఊరు బూడిద.

అన్నట్టు, యుద్ధంలో దీపాలతో మోసం చెయ్యాలన్న ఆలోచన అంతకు ముందే వుంది. మొదటి యుద్ధం చివర్లో, 1918లో, ఫ్రెంచి వాళ్ళు దొంగ పారిస్ కట్టడం మొదలుపెట్టారు. ఆ దీపాల పని చూసింది ఫెర్నాన్ జకొపొజ్జి అనే లైటింగ్ ఇంజనీరు. దొంగ స్టేషనూ, కదులుతున్నట్టు కనిపించే దొంగ రైలూ తయారయ్యాయిగాని, మొత్తం ఊరు పూర్తికాకముందే యుద్ధం అయిపోయింది. ఆయనే 1925లో ఈఫిల్ టవర్‌కి సిట్రోయెన్ కార్ల కంపెనీ ప్రకటన దీపాలు వెలిగించి లోకాన్ని నివ్వెరపరిచాడు. పోనీ జర్మన్లు తక్కువ తిన్నారా? ఎస్సెన్‌లో క్రుప్ వాళ్ళ ఆయుధాల ఫ్యాక్టరీకి దూరంగా, ఊరవతల గుట్టల్లో దొంగ క్రుప్ ఫ్యాక్టరీ కట్టి ఇంగ్లీషు పైలట్లని తిప్పలు పెట్టారు.

ఇంతవరకూ కథ సరదాగానే వుంది. ఇక్కణ్ణించి సరదా తగ్గుతుంది.

1940 నవంబరు 14. ఇంగ్లండులో కొవెంట్రీ అనే పారిశ్రామిక నగరం. ఆ రాత్రి జర్మన్ విమానాలు వరసకట్టి వచ్చి తెల్లవార్లూ కొట్టాయి. అయిదు వందల మందికి పైగా చనిపోయారు. వందల ఏళ్ళనాటి పెద్ద చర్చి గోడలు మాత్రం మిగిలి మొండిగా నిలబడింది.

వాళ్ళు కొట్టే పద్ధతి ఏమిటంటే, ముందు కొన్ని విమానాలు రేడియో కిరణాల సాయంతో దారి వెతుక్కుంటూ వచ్చి నిప్పు బాంబులు వేసిపోతాయి. ఊరంటుకుంటుంది. వెనకాల వచ్చే వందల విమానాలకి దారి వెతుక్కునే పనే లేదు. మంట కనిపించిన చోట కుమ్మరించడమే.

అంటే మంటే గుర్తు. అయితే మంటనే మార్చేస్తే?

టర్నర్ గారి మనుషులు మళ్ళీ పనిలోకి దిగారు. ఈసారి విమానాలు కాదు, తగలబడుతున్న ఊళ్ళు కట్టాలి! నగరానికి కొన్ని మైళ్ళ అవతల, జనం లేని చోట ఈ మంటల సెట్లు లేచాయి. వీటికి 'స్టార్‌ఫిష్' అని పేరు.

ఓ ఊరు తగలబడితే పైనుంచి ఎలా కనిపిస్తుంది? అన్నీ ఒకలా మండవు. కలప అడితి ఒకలా, బొగ్గుకుప్ప ఒకలా, నూనె గోదాము ఇంకోలా. ఒకచోట భగ్గుమని లేచి ఆరిపోతుంది, ఇంకోచోట గంటల తరబడి ఎర్రగా కాలుతుంది. స్టూడియో వాళ్ళు వాటికి తగ్గ సరంజామా తయారుచేశారు. కట్టెపేళ్ళూ చెత్తా కుక్కి నూనె పోసిన బుట్టలు కొన్ని. బొగ్గు మీద చుక్క చుక్కగా నూనె పడే ఏర్పాటు ఇంకొన్ని. అన్నిటికన్నా గొప్పది మరిగే నూనె తొట్టె. ఇనప తొట్టెలో నూనె బాగా కాగాక, దాని మీద ఒక్కసారి నీళ్ళు వదుల్తారు. వంటింట్లో కాగే నూనెలో నీటిబొట్టు పడితే ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. అక్కడ పడేది బొట్టు కాదు, బకెట్ల కొద్దీ నీళ్ళు! మంట ఇంటికన్నా ఎత్తు లేచేది. ఇవన్నీ దూరంగా వున్న గదిలోంచి కరెంటు స్విచ్చులతో అంటించేవాళ్ళు.

దీపాల్లో కూడా నేర్పుంది. ట్రాము తీగ దగ్గర మెరుపు, కొలిమి మూత తీసినప్పుడు వచ్చే ఎర్రటి కాంతి, రైల్వే సిగ్నల్, సరిగ్గా మూయని తలుపు సందులోంచి పడే వెలుగు. ఊరంతా దీపాలార్పేసినా ఎక్కడో ఒకడు నిర్లక్ష్యంగా వుంటాడు కదా, ఆ నిర్లక్ష్యాన్ని సెట్టు వేశారన్నమాట! ఇది చదివినప్పుడు మా గురువుగారు గుర్తొచ్చారు. కొత్త గోడకి నున్నగా రంగేస్తే ఆయన తిట్టేవారు. "ఒరేయ్, ఇంట్లో మనుషులుంటార్రా. తల ఆనిన చోట నూనె మరక ఏదీ? పిల్లాడు గీసిన బొగ్గుగీత ఏదీ? తప్పు లేకపోతే ఎవడూ నమ్మడ్రా" అనేవారు.

ఎప్పుడు అంటించాలన్నది అసలు కీలకం. ముందే అంటిస్తే శత్రువుకి అనుమానం. ఆలస్యమైతే అప్పటికే ఊరంటుకుని వుంటుంది. మొదటి నిప్పు బాంబులు ఊళ్ళో పడాలి. ఊళ్ళో అగ్నిమాపక దళం ఆ మంటలు ఆర్పాలి. సరిగ్గా అప్పుడే కొండమీద మంట లేవాలి. ఒక్కటే టేకు. కట్ చెప్పేవాడు లేడు.

1940 డిసెంబరు 2 రాత్రి, మా అమ్మాయి వుంటున్న ఈ బ్రిస్టల్ దగ్గరే మొట్టమొదటిసారి స్టార్‌ఫిష్ వెలిగించారు. బాంబులు దాని మీద పడ్డాయి. అంటే సెట్టు నమ్మించింది! ఆ తర్వాత దేశమంతా కట్టారు. స్టార్‌ఫిష్‌లే 230కి పైగా. అన్ని రకాల దొంగ స్థావరాలూ కలిపితే 800కి దగ్గర. వాటి మీద దాదాపు 730 సార్లు దాడులు జరిగాయి. ఈ డూప్‌ల వల్ల సుమారు 2500 మంది ప్రాణాలు దక్కాయని ఓ అంచనా.

నేను నిలబడ్డ బ్లాక్ డౌన్ కూడా అలాంటి సెట్టే. బ్రిస్టల్ వీధుల్లా, రైల్వే యార్డుల్లా ఆ కొండమీద దీపాలు పరిచారు. నూనె పీపాలు మండించారు. ఆ మట్టి దిబ్బలంటారా, అవి శత్రు విమానాలు కొండమీద దిగకుండా పోసిన అడ్డాలు.

మా అమ్మాయి ఇదంతా చదివి వినిపిస్తుంటే నాకు గర్వంతో ఛాతీ వుబ్బిపోయింది. డొల్ల అన్నావు గదా నాన్నా! చూడు, డొల్ల ఊరే నిజం ఊరిని కాపాడింది! అని గట్టిగా అరవాలనిపించింది.

కాని నిజం చెప్పాలి కదా. అన్నిసార్లూ కాపాడలేదు. డూప్ పక్కనే వున్నా బ్రిస్టల్‌లో యుద్ధం ముగిసేసరికి సుమారు 1300 మంది బాంబుదాడుల్లో పోయారు.

ఇంకోటి కూడా వుంది. బాంబు ఎక్కడో ఒకచోట పడాలి. ఆకాశంలోంచి బయల్దేరినదాన్ని పక్కకి తప్పించగలంగాని మాయం చెయ్యలేం. 1941 ఏప్రిల్ 17 రాత్రి పోర్ట్స్‌మత్ ఓడరేవు మీదికి విమానాలొచ్చాయి. పక్కనున్న హేలింగ్ దీవిలో డూప్ మంటలు వెలిగించారు. శత్రువు పూర్తిగా మోసపోయాడు. బాంబుల్లో చాలా భాగం ఆ దీవి మీదే పడింది. పోర్ట్స్‌మత్ బతికింది. ఆ దీవిలో సైనా అనే చోట ఫిరంగులతో కాపలా వున్న సైనికుల్లో కొందరు ఆ రాత్రే చచ్చిపోయారు.

ఈ ముక్క వినగానే నా గర్వం సగం దిగిపోయింది. మా నాన్న అన్న ఇంకో మాట గుర్తొచ్చింది. అది చెప్పాలంటే వైజాగ్ వెళ్ళాలి.

1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు వైజాగ్ మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన రోజు. మా నాన్నకి అప్పుడు ఇరవై ఏళ్ళు, పోర్టులో పనిలో చేరిన కొత్త. ఆ రోజు సంగతి ఆయన ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. "ఊరంతా మూటలు నెత్తినెట్టుకుని పోనారు. తాళాలు కూడా ఎయ్యలేదు" అని మాత్రం అనేవాడు. పిడుగు చప్పుడైతే చాలు, చేతిలో ఉలి కింద పెట్టేసేవాడు.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం. నేను కాలేజీ కుర్రాణ్ణి. రాత్రిళ్ళు ఊరంతా దీపాలార్పేవారు. కార్ల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు. మా నాన్న కిటికీ అద్దాలకి కాగితం పట్టీలు అంటించాడు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు. కిటికీలు గలగల్లాడాయి. నాన్న లేచి గోడకానుకుని కూర్చున్నాడు. తెల్లారేదాకా అలాగే వున్నాడు.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన చప్పుడది. అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ వైజాగ్‌లో లేదు. ఎక్కడో అండమాన్లలో దాచారు. కాని విక్రాంత్ ఇక్కడే వుందని శత్రువు నమ్మేలా చేశారు. దాని బదులు ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని పంపి, పెద్ద ఓడ చేసినట్టుగా వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ, రిటైరయ్యే వయసు. 'ఘాజీ' సినిమాలో మీరు చూసింది వేరే. అందులో మన జలాంతర్గామే హీరో. అసలు కథలో హీరో వేషం వేసింది ఈ ముసలి డూప్!

ఘాజీని రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలు ముంచాయని మన నౌకాదళం అంటుంది. లోపలే పేలిపోయిందని వాళ్ళంటారు. ఏదైతేనేం, అందులో తొంభై మందికి పైగా పోయారు.

ఈ రాజ్‌పుత్ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాను. చెప్పడంలో నా లెక్క నాకుంది. "చూశావా నాన్నా, దొంగ వేషమే మన ఊరిని కాపాడింది" అని పాత బాకీ తీర్చుకోవాలని.

ఆయన మొత్తం విన్నాడు. బీడీ ఆర్పాడు. నేననుకున్న ముక్క ఒక్కటీ అనలేదు.

"అయితే ఆ ముసలి ఓడలో మనుషులున్నారు గదేటి?"

"ఉన్నారు నాన్నా."

"ఆళ్ళకి తెలుసునేటి, మనం పెద్దోడి వేషమేసుకుని సావుకి ఎదురెల్తన్నామని?"

నాకు జవాబు తోచలేదు. నేను ఓడ వేసిన వేషం చూశాను. ఆయన ఓడ లోపల మనుషుల్ని చూశాడు.

ఆ మాట ఇన్నేళ్ళకి బ్లాక్ డౌన్ మీద మళ్ళీ వినిపించింది. సైనాలో ఫిరంగుల పక్కన నిలబడ్డవాళ్ళూ, క్యూ సైటులో దీపాలు వదిలి పరిగెత్తిన ఇద్దరూ, స్విచ్చుల గదిలో కూర్చున్నవాడూ కళ్ళముందు మెదిలారు. మేం సెట్టు కట్టి పక్కకి తప్పుకుంటాం. సెట్టు పడిపోతే వుదయానికి మళ్ళీ కడతాం. వాళ్ళ పని వేరు. తమ మీద బాంబు పడితేనే వాళ్ళు పని సరిగ్గా చేసినట్టు! మా పనికి కనీసం టైటిల్స్‌లో చివర ఓ పేరైనా వేస్తారు. వాళ్ళ పని సంగతి ఇంట్లో భార్యకి కూడా చెప్పుకోడానికి లేదు. అంతా రహస్యం.

"నాన్నా, ఇటు రా!" అని మా అమ్మాయి పిలిచింది. కొంచెం అవతల, మట్టి కప్పి గడ్డి మొలిచిన ఓ కట్టడం చూపించింది. దీపాలకి కరెంటునిచ్చే జనరేటర్లు అందులోనే వుండేవట. మనుషులు తలదాచుకున్నదీ అలాంటి వాటిలోనే. నడుం వంచి లోపలికెళ్ళాను. చీకటి, చెమ్మ. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా గోడలు అలాగే వున్నాయి. పైన పరిచిన ఊరంతా ఏనాడో పోయింది. వీధులు లేవు, యార్డు లేదు, మంటలు లేవు. మిగిలింది ఈ గది ఒక్కటే.

ఎందుకో చెయ్యి దానంతటదే లేచింది. వేలి కణుపుతో గోడ మీద టకటకా కొట్టాను.

చప్పుడు రాలేదు. వేలు నొప్పెట్టింది.

"ఏం చేస్తున్నావు నాన్నా లోపల?" అంది మా అమ్మాయి బయట్నించి.

"ఏం లేదమ్మా. మీ తాత చేసినట్టు చేసి చూశాను. ఇది గట్టిదే" అన్నాను.